కాలువ గట్టు మీది గిజిగాళ్లు: ఒక వానాకాలం ప్రాజెక్టు డైరీ

జూన్ 16, 2024, ఆదివారం

పోయిన ఏడాది ఆగస్టు చివర్లో ఊరికి వచ్చినప్పుడు కాలువ గట్టు మీద జంట తాళ్ల (తాటి చెట్ల) కింద 14 గిజిగాడి గూళ్లు పడి ఉన్నాయి. పైన మట్టలు కొట్టేశారు. కొన్ని గూళ్లలో ఇంకా రెక్కలు రాని పిల్లలున్నాయి, చీమలు పట్టేశాయి. కొట్టినాయన తప్పని నేననను. ఆయనకు కొట్టం మీదికి కమ్మలు కావాలి, ఏటా ఆ రోజుల్లోనే కొడతాడు. గిజిగాడు కూడా ఏటా ఆ రోజుల్లోనే పిల్లల్ని సాకుతుంది. ఈ రెండూ ఒకదాని మీద ఒకటి పడకుండా చూడగలమా అన్నదే నేను పెట్టుకున్న పని.

మాది యాదాద్రి భువనగిరి జిల్లాలో మూసీ కాలువ కింది ఊరు. గట్టు వెంట అర కిలోమీటరు మేర 23 తాటి చెట్లున్నాయి. వాటి చివర మా పెదనాన్న వాళ్ల పాత బావి, బావి మీదికి వంగిన నల్లతుమ్మ. నీళ్ల మీద వేలాడే గూటికి పాము, ఉడుత రావడం కష్టం కాబట్టి ఆ తుమ్మంటే గిజిగాళ్లకు ప్రాణం. ఇప్పుడు అందరూ బోర్లు వేసుకున్నారు. మా చుట్టుపక్కల పాత బావులు ఒక్కొక్కటే పూడిపోతున్నాయి. ఇది మాత్రం పెదనాన్న మొండితనం వల్ల మిగిలింది.

నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాను. ఆదివారం పొద్దున 6 నుంచి 10 దాకా గట్టు మీద ఉంటే చాలనుకున్నాను. సామాను: 8x42 బైనాక్యులర్, 200 పేజీల స్కూలు నోటుబుక్కు, గొడుగు.

జూన్ 23

మొదటి వారమే దెబ్బ. చెట్లను గుర్తుపట్టడానికి పసుపు పెయింటుతో 1 నుంచి 23 దాకా నంబర్లు వేశాను. పదకొండో చెట్టు దగ్గరున్నప్పుడే ఒకాయన బండి ఆపి, "ఏంది తమ్మీ, రోడ్డు పడ్తుందా?" అన్నాడు. పదిన్నరకల్లా ఊళ్లో నలుగురు అడిగారు. మధ్యాహ్నానికి మా అమ్మకు ఫోన్: "మీ కొడుకు రియల్ ఎస్టేటోళ్లతోని కలిసిండా?" మా వైపు చెట్టు మీద నంబరు పడిందంటే పిట్టల లెక్క కోసమని ఎవరికీ తోచదు. ప్లాట్లకో, రోడ్డుకో, చెట్లు కొట్టడానికో అనుకుంటారు. వాళ్ల భయం వాళ్లది.

సాయంత్రం దాకా కూర్చుని నంబర్లు గీకేశాను.

అప్పుడే మా కల్లు గీసే కాక నవ్వుతూ చెప్పాడు: "గా నెంబర్లెందుకు బిడ్డా, ఒక్కోదానికి ఒక్కో పేరుండె." నిజంగానే ఉంది. పిడుగు తాడు, జంట తాళ్లు, బావికాడి పండుతాడు, గూనిది, తూముకాడి పోద్దాడు, దయ్యాల తాడు. 23కీ పేర్లు చెప్పాడు. నలభై ఏళ్లుగా మోకు వేసి ఎక్కుతున్న మనిషి. నా నోటుబుక్కులో ఇకనుంచి అవే పేర్లు.

జూలై 7

గిజిగాళ్లు వచ్చాయి. నిజానికి అవి ఎక్కడికీ పోవు, మిగతా నెలల్లో పిచ్చుకల్లా మట్టిరంగులో గుంపులుగా తిరుగుతుంటే మనమే గుర్తుపట్టం. ఇప్పుడు మగవాటి నెత్తి పసుపు ముద్దలా మెరుస్తోంది, ముఖానికి ముదురు గోధుమరంగు ముసుగు. గూనిదాని మీద తొమ్మిది మగవి. గోల గోల.

నార ఎక్కడినుంచి తెస్తున్నాయో చూద్దామని వెంటపడ్డాను. పక్క పొలంలో బర్రెల కోసం వేసిన సూపర్ నేపియర్ గడ్డి మీద వాలుతున్నాయి. మగ గిజిగాడు ఆకు అంచున ముక్కుతో చిన్న గాటు పెడుతుంది. ఆ కొసను గట్టిగా పట్టుకుని ఒక్కసారి ఎగురుతుంది. ఆకు పొడుగునా సన్నటి పేలిక సర్రున చీలి వస్తుంది. తోకలా వేలాడే ఆ నారతో తాడి మీదికి. దర్జీ బట్టకు కత్తెరతో చిన్న గాటు పెట్టి మిగతాది చేత్తో చింపుతాడు చూడండి, సరిగ్గా అదే పని. ఒక గూటికి ఇలాంటి నారలు కొన్ని వందలు కావాలి. 20 నిమిషాల్లో ఒకే పక్షి 11 సార్లు తిరిగింది.

గూళ్లన్నీ చెట్టుకు తూర్పు వైపే. నైరుతి గాలివాన నేరుగా కొట్టకుండా. పొద్దుటి ఎండ వాటి మీదే పడుతుంది కాబట్టి బైనాక్యులర్‌కూ సుఖమే.

జూలై 14

వాన. ఏమీ చూడలేదు. ప్యాంటు మోకాళ్ల దాకా బురద.

జూలై 21

మొదటి లెక్క 58. ఈ అంకెను వాట్సాప్‌లో పక్షుల గ్రూపులో పెట్టి సంబరపడ్డాను. ఒక పెద్దాయన అడిగారు: "58 గూళ్లా, 58 వేలాడేవా?"

ఆ ప్రశ్నతో మళ్లీ మొదటినుంచి చూశాను. గిజిగాడి కాలనీలో వేలాడేదల్లా గూడు కాదు. మగది ముందు గుండ్రంగా రింగు కడుతుంది, దాన్ని బోర్లించిన హెల్మెట్‌లా అల్లుతుంది. అక్కడ ఆగి, రెక్కలు విదిలిస్తూ పిలుస్తుంది. ఆడది వచ్చి దూరి, ముక్కుతో పొడిచి, లాగి చూస్తుంది. నచ్చితేనే మగది గుడ్ల గది, కింది గొట్టం పూర్తి చేస్తుంది. నచ్చకపోతే ఆ హెల్మెట్ అంతే, మరోటి మొదలు. అల్లిక అందం కంటే గూడు ఎక్కడ కట్టిందన్నదే ఆడది ఎక్కువ చూస్తుందని పరిశోధకులు గమనించారు. పెళ్లిచూపుల్లో మన దగ్గరా ముందు ఊరు, నీళ్లు, రోడ్డు అడుగుతారు కదా.

ఇంకో చిక్కు. ఒక గూడు పూర్తయి ఆడది గుడ్లు పెట్టగానే మగది పక్కనే రెండో గూడు మొదలుపెడుతుంది, మరో ఆడదాని కోసం. ఈ బహుభార్యాత్వం సంగతి పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1930లో బొంబాయికి దగ్గరలోని కిహీంలో ఒక కాలనీని రోజుల తరబడి చూసి బయటపెట్టారు. కాబట్టి గూళ్లను రెండుతో గుణిస్తే పక్షుల సంఖ్య రాదు.

కొత్త లెక్క: పోయినేటి పాత గూళ్లు 11, హెల్మెట్లు 29, గొట్టం ఉన్నవి 18. ఇకనుంచి మూడు గళ్లు. పక్షుల లెక్కలు నమోదుచేసే వెబ్‌సైటు ఈ-బర్డ్‌లో పెట్టేటప్పుడు కూడా గూడు కడుతోంది, గూట్లో కూర్చుంది, పిల్లలకు మేత పెడుతోంది అని వేర్వేరు బ్రీడింగ్ కోడ్‌లు ఉన్నాయి. ఇన్నాళ్లూ వాటి జోలికే పోకుండా పేరు, అంకె కొట్టి వదిలేస్తున్నాను.

జూలై 28

కాకతో అసలు మాట ఇవాళ. ఏటా మట్టలు కొట్టేది ఆయనే. కల్లు కాంపౌండ్ ముందు కూర్చుని లెక్క చెప్పాను: ఆడది 14 నుంచి 17 రోజులు పొదుగుతుంది, పిల్లలు ఎగరడానికి ఇంకో 17 రోజులు. గొట్టం పూర్తయ్యాక దాదాపు ఐదు వారాలు. అన్ని గూళ్లూ ఒకేసారి మొదలుకావు కాబట్టి దసరా దాకా ఆగితే చాలా వరకు అయిపోతాయి.

కాక వినలేదు. అంటే విన్నాడు, ఒప్పుకోలేదు.

"దసరా దాంక కొట్టం కురుస్తది. బర్రె తడుస్తది. నీ పిట్ట పైన పొడిగ కూసుంటది."

సమాధానం లేదు నా దగ్గర. కమ్మలు మొత్తం ఎన్ని కావాలంటే అరవై అన్నాడు. ఇద్దరం గట్టు వెంట నడిచాం. గూళ్లున్నవి ఆరు తాళ్లే: గూనిది, జంట తాళ్లు, పిడుగు తాడు, తూముకాడిది, బావికాడిది. మిగతా 17 చెట్ల నుంచి ఇప్పుడే కొట్టుకోవచ్చు. వాటిలో కొన్ని మరీ ఎత్తు, కొన్నిట్లో మంచి మట్టల్లేవు, ముప్పై ఐదు దాకా వస్తాయన్నాడు. మిగతా కప్పుకు నేను తాడిపత్రి (టార్పాలిన్) కొనిచ్చాను, 1,350 రూపాయలు. తాటాకు బదులు తాడిపత్రి. కాకకు ఈ మాట నచ్చి మూడుసార్లు అన్నాడు.

నాకు చట్టం తెలుసు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 'వేట' నిర్వచనంలోకి పక్షి గుడ్లు పాడుచేయడమే కాదు, గూళ్లను చెదరగొట్టడం కూడా వస్తుంది. ఆ మాట కాక ముందు ఎత్తలేదు. ఎత్తి ఉంటే మాట అక్కడే తెగిపోయేది.

ఆగస్టు 11

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ డైరీ అన్నాక రాయాలి.

ఆన్‌లైన్‌లో 900 రూపాయలకు ఫోన్‌కు తగిలించే పైపు కెమెరా ఒకటి తెప్పించాను. మెకానిక్‌లు వాడే రకం, కొసన చిన్న లైటు. దాన్ని వెదురు బొంగుకు కట్టి, బావి గోడ మీద నిలబడి, తుమ్మకు అన్నిటికన్నా కిందుగా వేలాడే గూటి గొట్టంలోకి పంపాను. ఆడది బయటికి దూకింది. స్క్రీన్ మీద మూడు తెల్లని గుడ్లు. చేతులు వణికాయి, నిజం చెప్తున్నాను, ఆనందంతో. రెండు నిమిషాలు చూశాను. ఫొటో తీశాను. తల ఎత్తితే పైకొమ్మ మీద కాకి.

ఆగస్టు 18

ఆ గూటి గొట్టం చినిగిపోయి ఉంది. పక్కకు రంధ్రం. ఆడది రాలేదు, గంటసేపు కూర్చున్నాను. కాకి నా వల్లే చూసిందని రుజువు లేదు. ఆ తుమ్మ మీద గొట్టమున్న గూళ్లు ఎనిమిది ఉంటే నేను వేలు పెట్టిన ఒక్కటే పోయింది, అంతే.

కాక మట్ట కొడితే గూడు చెదరగొట్టడం, నేను కెమెరా దూరిస్తే పరిశోధన. చట్టానికి ఈ తేడా లేదు. కెమెరా అటక మీద పెట్టాను. కొత్త నియమం: గట్టుకు ఈవల, 30 అడుగుల దూరంలో, ఒక చెట్టు దగ్గర 20 నిమిషాలు, అంతకు మించి కాదు. లోపల ఏముందో పక్షి నడక చెప్పాలి. ఆడది లోపలికి పోయి అరగంట రాకపోతే పొదుగుతోంది. ముక్కులో ఏదో పట్టుకుని వచ్చి వెంటనే బయటపడితే పిల్లలున్నాయి. గుడ్లెన్నో తెలుసుకుని నేనేం చేస్తాను?

ఆగస్టు 25

గొట్టం ఉన్నవి 34. మేత మోస్తున్నట్టు కనపడినవి 13.

పిడుగు తాడి దగ్గర 20 నిమిషాలు ఒకే గూడు చూశాను. ఏడుసార్లు మేత. నాలుగుసార్లు ఆకుపచ్చ పురుగు, రెండుసార్లు మిడత, ఒకసారి ఏమిటో కనపడలేదు. పొలం రైతన్నను పిలిచి బైనాక్యులర్ ఇచ్చాను. గిజిగాడంటే గింజ తినేదన్నదే ఆయన లెక్క. మిడత కాళ్లు కొట్టుకోవడం చూసి, "పొలంలదేనా ఇది?" అన్నాడు. ఎక్కడిదో నాకూ తెలియదు, కానీ అది వచ్చింది ఆయన వరి వైపు నుంచే.

సెప్టెంబర్ 1

వెళ్లలేకపోయాను. నిన్నటి నుంచి ఒకటే వాన. ఖమ్మంలో మున్నేరు ఊరి మీద పడింది, విజయవాడ హైవే తెగింది. అక్కడ మనుషులు మిద్దెల మీద నిలబడి ఉంటే గిజిగాడి గూళ్ల గురించి టెన్షన్ పడుతున్నానని ఎవరికి చెప్పుకోను? మా తమ్ముడు సాయంత్రం ఫొటో పంపాడు. కాలువ గట్టును ఒరుసుకుని పోతోంది. తాళ్లు నిలబడే ఉన్నాయి.

సెప్టెంబర్ 8

చవితి మర్నాడు. తొమ్మిది గూళ్లు రాలాయి. ఐదు హెల్మెట్లు, నాలుగు గొట్టమున్నవి. నాలుగింట్లో ఒకదానిలో రెండు పిల్లలు చనిపోయి ఉన్నాయి, రెక్కల కుదుళ్లు మొలిచాయి. మిగతా మూడు ఖాళీ. పిల్లలు ఎగిరిపోయాక రాలాయో, గుడ్లుండగానే పోయాయో చెప్పలేను. నాకు గుర్తున్నంతలో ఇంత వాన పడ్డా ముప్పైకి పైగా గూళ్లు వేలాడుతూనే ఉన్నాయి.

ఖాళీది ఒకటి ఇంటికి తెచ్చి అరుగు మీద విప్పాను. పైన తాటాకు ఈనెను చుట్టి కట్టిన ముడి, గోరుతో లాగినా రాలేదు, బ్లేడు పెట్టాల్సి వచ్చింది. లోపలి గోడ మీద ఎండిన మట్టి అద్దకాలు, బొటనవేలి గోరంతవి ఆరు. వీటి గురించే మా నానమ్మ చెప్పేది: గిజిగాడు తడిమట్టి తెచ్చి అందులో మిణుగురు పురుగును గుచ్చుతుంది, రాత్రి దీపమన్నమాట. మట్టి నిజం. అద్దకాలన్నీ భూతద్దంతో చూశాను. మిణుగురు రెక్క ఒక్కటీ లేదు. మట్టి ఎందుకో వేర్వేరు వాదాలున్నాయి, గాలికి గూడు మరీ ఊగకుండా బరువుకని ఒకటి. నానమ్మ ఉంటే ఒప్పుకునేది కాదు.

సెప్టెంబర్ 15

అంకెలు అవే. గూనిదాని కింద ఎండిన వరినార పేలికలు, చాలా.

సెప్టెంబర్ 22

మొన్న ఆఫీసులో ఒకతను అడిగాడు: గిజిగాడు అంతరించే జాతి కాదు కదా, ఎందుకీ తిప్పలు అని. కాదు. అంతర్జాతీయ జాబితాలో దాని గురించి ఆందోళన లేదనే ఉంది. గుంటూరు దగ్గర ఉప్పలపాడు పోయి చూశాను ఒకసారి. చెరువులో కొంగలు, గూడబాతుల కోసం ఇనప స్టాండ్లు పెట్టారు, ఊరు ఊరంతా కాపలా. పెద్ద పక్షులు, దూరంనుంచి వచ్చేవి, చూడ్డానికి జనం వస్తారు. ఇంటి వెనక పక్షికి ఆ భోగం ఉండదు. కానీ ఇదే కుటుంబంలో ఫిన్స్ వీవర్ అని ఒకటుంది, హిమాలయాల దిగువ తెరాయి గడ్డి మైదానాల్లో. గడ్డి పోయింది, పక్షి పోతోంది. 2021లో దాన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చారు. మా గిజిగాడికి గడ్డి ఉంది, వేలాడడానికి చెట్టే తగ్గుతోంది. కల్లు చెట్టు కొట్టాలంటే ఆబ్కారీ అనుమతి కావాలి, నీళ్లు, భూమి, చెట్ల రక్షణకు వాల్టా చట్టమూ ఉంది. అయినా పోయిన ఐదేళ్లలో మా ఊరి తూర్పు గట్టు మీద ఎన్ని తాళ్లు ఇటుక బట్టీలకు పోయాయో కాక వేళ్ల మీద పేర్లతో సహా చెప్తాడు.

అందుకని ఇవాళ రాలిన తాటిపండ్లు ఏరి, పిల్లల్ని పోగేసి, గట్టు కింది ఖాళీలో 120 టెంకలు పాతాం. గూడు వేలాడేంత చెట్టు కావాలంటే పదిహేనేళ్ల మాట.

అక్టోబర్ 6

వరి పాలుపోసుకుంటోంది. ఇప్పుడు గిజిగాడు నిజంగానే దొంగ. పాలకంకిని ముక్కుతో నొక్కి పిండేస్తుంది. బావి కింది మడి ఒడ్డు వెంట రైతన్న సన్నటి నైలాన్ వల కట్టాడు. అందులో నాలుగు పక్షులు, రెండు అప్పటికే చచ్చిపోయాయి. మిగతా రెంటినీ బ్లేడుతో వల కోసి విడిపించాను. ఒకటి ఈ ఏడాది పిల్ల, ముక్కు మూలల్లో ఇంకా పసుపు అంచు ఉంది. దాని వేలికి నైలాన్ పోగు ఎంత బిగిసిందంటే, కోసే ముందు నోట్లో నీళ్లు పోసుకుని తడపాల్సి వచ్చింది. వదలగానే నా చేతిని పొడిచి పోయింది.

అన్నతో గొడవ పడలేదు. ఆ మూలమడిలో కంకులు సగం తప్పలు (తాలు) కావడం నేనూ చూశాను. "నీకు పిట్ట తమ్మీ, నాకు అప్పు" అన్నాడు. వల తీసి మెరుపు రిబ్బన్లు కట్టుకుందామన్నాను, రిబ్బన్ నేనే తెచ్చాను. (ఇక్కడినుంచి తర్వాత చేర్చాను.) వారం రోజులు భయపడ్డాయి. ఎనిమిదో రోజు రిబ్బను మీదే కూర్చున్నాయి. చివరికి అన్న కొడుకు పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట డబ్బా కొట్టాడు. వల మళ్లీ కట్టలేదు. వచ్చే ఏడాది కడతాడా? మూలమడి కోతను బట్టి ఉంటుంది.

అక్టోబర్ 20

దసరా అయిపోయింది, బతుకమ్మల తంగేడు ఇంకా కాలువలో తేలుతోంది. కాక మోకు, ముస్తాదు వేసుకుని జంట తాళ్లు ఎక్కాడు. నేను కింద నిలబడి బైనాక్యులర్‌తో ఒక్కో మట్ట చూసి "కొట్టు" అంటే కొట్టాడు. ఒకచోట ఆగాడు.

"బిడ్డా, దీంట్ల ఇంకో పిట్టున్నది. చిన్నది."

సిల్వర్‌బిల్. గోధుమరంగు వీపు, తెల్లటి పొట్ట ఉన్న చిన్న మునియా, గిజిగాళ్లు వదిలేసిన గూళ్లలో కాపురం పెట్టే అలవాటుంది దీనికి. నా లెక్కలో ఇది లేదు. ఆ మట్ట, దాని పక్క మట్ట వదిలేశాడు. నేను చెప్పకముందే.

ఈ ఏడాది లెక్క: గొట్టం దాకా వచ్చిన గూళ్లు 47. మేత మోయడం చూసినవి 26. పిల్లలు గూటి మూతి దగ్గరికి వచ్చి బయటపడడం నా కళ్లతో చూసినవి 11 మాత్రమే. మిగతా 15లోనూ ఎగిరి ఉండొచ్చు, నేను వారానికొకసారి మనిషిని. మట్ట కొట్టడం వల్ల పడినవి సున్నా. నా కెమెరా వల్ల ఒకటి, అని రాసుకున్నాను.

జనవరి 12, 2025

పండక్కి వచ్చాను. గట్టు కింద టెంకలు పాతిన చోట గుంతలు గుంతలు. ఎలుగుబంటి తవ్వినట్టుంది. విచారిస్తే, పాతడానికి వచ్చిన పిల్లలే. ఏ టెంక ఎక్కడుందో వాళ్లకే తెలుసు మరి. గేగులు (తేగలు) ఊరాయని తవ్వుకుని కాల్చుకు తిన్నారు. మిగిలినవి 31.

వాళ్లలో చిన్నది నాకూ ఒకటి తెచ్చిచ్చింది, బూడిద తుడిచి. బాగుంది.